పుట్టింటి పెట్రోలు

మా కోయంబత్తూరులో పెట్రోలు వాసన చూసి అది ఏ నంబరుదో చెప్పగల మనిషిని నేనొక్కణ్ణే. కళ్లకు గుడ్డ కట్టి, మూడు సీసాలు ముందు పెట్టి పందెం కాసినా ఓడలేదు. ఈ మాట పెళ్లిళ్లలో, చావుల్లో, టీ కొట్ల ముందు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. నిజానికి పందెం జరిగింది ఒక్కసారే. గెలిచిన మాటా నిజమే. సీసాలు తెచ్చినవాడు నా స్నేహితుడు. ఖరీదైన పెట్రోలున్న సీసా మూత వదులుగా పెట్టమని వాడికి ముందే చెప్పి ఉంచాను.

బంకులో నలభై ఏళ్లు పనిచేశానని కూడా చెబుతుంటాను. ఇరవై తొమ్మిదే. అందులో మొదటి మూడేళ్లు చక్రాలకు గాలి కొట్టడంతోనే గడిచిపోయాయి. అయినా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం పెట్టుకుని తరతరాలుగా ఇక్కడే బతుకుతున్న మా వీధి జనానికి బండి గురించి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేనూ పెద్ద డాక్టరులాగా కళ్లు మూసుకుని విని, తల పంకించి, ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి.

అందరికంటే ఎక్కువగా నన్ను నమ్మినవాడు మా బావ, మా అక్క భర్త. జీవితమంతా మిల్లు వ్యాన్లు, ఇంకొకరి టాక్సీలు నడిపి, అరవై ఏళ్లు దగ్గరపడ్డాక ఒక పాత కారు సొంతానికి కొన్నాడు. దాన్ని బాడుగకు తిప్పేవాడు. ఇల్లు దాని మీదే నడిచేది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. పొద్దున లేచి ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేని మనిషిగా ఆయనను చేసింది ఆ కారే. అది ఆగిపోతే ఆ వయసులో ఆయనకు ఇంకొకటి రాదని అందరికీ తెలుసు.

ఆడపడుచు ఇంట్లో పెద్ద వస్తువు ఏది కొన్నా పుట్టింటివాళ్లు మొదటి సీరు, అంటే సారె, పెట్టాలి మాలో. ఆవును కొంటే మొదటి మోపు గడ్డి, కుట్టు మిషను కొంటే మొదటి తాను గుడ్డ. కారుకు ఏం పెట్టాలో మా అమ్మ కాలంలో ఎవరూ చెప్పిపోలేదు. నేనే తేల్చాను. మొదటి ట్యాంకు పెట్రోలు తమ్ముడిది. మా బంకులో అప్పటికి కొత్తగా నూరు నంబరు పెట్రోలు వచ్చింది. అందరూ చూస్తుండగా ఆ గొట్టమే తీసి, ట్యాంకు నిండా పోశాను. సీరులో మామూలుది పెడితే పరువేముంటుంది? అక్క బానెట్టుకు పెట్టాల్సిన పసుపూ కుంకుమా తెచ్చి పెట్రోలు మూతకు పెట్టింది.

"ఇది మా పుట్టింటి పెట్రోలు. దీనికి నెయ్యి పోసినట్ల పరిగెత్తల్ల" అంది.

బావ నవ్వి, "నెయ్యి తిని పడుకోకుండా ఉంటే సరి" అన్నాడు.

రెండేళ్లు బాగానే తిరిగింది. మూడో ఏడు ఎండాకాలంలో చప్పుడు మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో టిక్కు టిక్కుమని, స్టీలు డబ్బాలో గోళీలు కదిలించినట్టు. ఒక ఆదివారం పొద్దున బావ బంకుకు వచ్చి కారు పక్కగా ఆపాడు. బావమరిదిని కాబట్టి నన్ను మచ్చాన్ అనే పిలుస్తాడు.

"మచ్చాన్, వండిలో ఒక సత్తం వస్తావుండాది. నువ్వు రవంత విను."

విన్నాను. బానెట్టు మీద చెవి ఆనించి, అరచేత్తో తట్టి కూడా విన్నాను. ఏమీ అర్థం కాలేదు. చుట్టూ మా కుర్రాళ్లు చూస్తున్నారు. వాళ్ల ముందు తెలియదని ఎలా చెప్పను?

"బావా, దీనికి పెట్రోలు సత్తువ చాలలేదు. సీరు పోసిన దినం ఎట్ల పోయింది? పట్టు మీద పోయినట్ల పోలేదా?"

"పోయింది."

"అదే. ఇకమీద నూరే పొయ్యండి."

బావకు కాస్త అనుమానం ఉన్నట్టుంది. కారు కొన్నప్పుడు దాంతో వచ్చిన పుస్తకం అరలోంచి తీసి నా చేతికిచ్చాడు. అంతా ఇంగ్లీషు. నేను ఏడో తరగతి తమిళం. అద్దాలు ముక్కు మీదికి లాగి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి, "ఇదో, ఇక్కడే వేసిండాడు, నూరు అని" అన్నాను. బావ తల ఊపాడు.

పెట్రోలు మూత లోపలివైపు చిన్న చీటీ అంటించి ఉంటుంది. తొంభై ఒకటి అని అంకె. అంకెలు నాకూ వచ్చు. రోజూ ఎన్నో బండ్ల మూతలు తెరిచినవాణ్ణి, అది చూడలేదనను. అది పాస్ మార్కు అనుకున్నాను. పరీక్షలో ముప్పై అయిదు వస్తే గట్టెక్కుతాం, నూరు వస్తే మొదటి ర్యాంకు. పెట్రోలూ అంతే అనుకున్నాను. బంకువాళ్లందరినీ కూర్చోబెట్టి ఒకాయన దీని గురించి పాఠం చెప్పిన రోజు కూడా ఉంది. ఆ రోజు నేను వెనక వరసలో కూర్చుని బోండాలు తిన్నాను.

నూరు పోశాక చప్పుడు తగ్గింది. అక్షరాలా తగ్గింది. నా పేరు వీధంతా మోగిపోయింది. అక్క మాత్రం ఒకసారి, "ఎందుకైనా మంచిది, వర్క్‌షాపులో ఒక తూరి చూపించకూడదారా?" అంది. "వర్క్‌షాపువాడికి నాకు తెలిసిందాంట్లో సగం తెల్దు అక్కా" అన్నాను.

నాలుగు నెలలయ్యాక మేలూరులో పెళ్లికని ఒక కుటుంబం బాడుగకు పిలిచింది. మదురైలో మా చుట్టాలను చూసి రావచ్చని నేనూ ముందు సీట్లో ఎక్కాను. ఒడ్డన్‌చత్రం దాటేసరికి ఎండ మాడ్చేస్తోంది. దిండిగల్ ఇంకా కొంత దూరం ఉందనగా కారు ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, బానెట్టు సందుల్లోంచి తెల్లటి ఆవిరి వదిలి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే తాళంచెవి తిరిగింది గాని ఇంజను తిరగలేదు. పెళ్లివాళ్లు చీరల పెట్టెలు నెత్తిన పెట్టుకుని, మమ్మల్ని తిట్టుకుంటూ బస్సు ఎక్కారు.

ఆ కారును దిండిగల్ దాకా నేనొక్కణ్ణే తోశానని తరవాత ఊళ్లో చెప్పాను. ఒక ట్రాక్టరు లాగింది. నేను ట్రాక్టరులో కూర్చున్నాను.

మెకానిక్కు నడివయసువాడు, నిదానస్తుడు. బానెట్టు తెరిచి చాలాసేపు చూశాడు. నీళ్ల గొట్టం ఒకటి కింద చీలి ఉంది. నెలల తరబడి చుక్కచుక్కగా నీళ్లు పోయి ఇంజను కాగిపోతూ వచ్చిందట. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పనిచేయడం మానేసింది. అంత కాగినప్పుడు పెట్రోలు తన వేళ రాకముందే లోపల అంటుకుని టిక్కు టిక్కుమంటుంది. ఇంజను పెట్టిన మొర అది.

"ఈ సత్తం మీకు ముందే వినబడి ఉండాలే?" అని తమిళంలో అడిగాడు.

"నూరు పోసినాక నిల్చిపోయింది" అన్నాడు బావ.

అతను చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. నంబరంటే బలం కాదు, ఓర్పు. ఎంత నొక్కినా తొందరపడి అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో ఆ లెక్క. గట్టిగా నొక్కే ఇంజనుకు పెద్ద నంబరు కావాలి. ఈ కారుకు తొంభై ఒకటి చాలు, అంతకుమించి పోస్తే వచ్చే లాభం లేదు. మూత తెరిచి ఆ చీటీ మీద వేలు పెట్టి చూపించాడు. నూరు పోసినందువల్ల ఇంజను పాడవలేదు, దాని మొర మాత్రం మనకు వినబడకుండా పోయింది, అన్నాడు.

తరవాత అడిగాడు. "పెద్దాయనా, నూరు పోయమని మీకు ఎవరు సెప్పిరి?"

నేను బావకు మూరెడు దూరంలో ఉన్నాను. బావ నా వైపు చూడలేదు.

"ఎవరూ సెప్పలేదప్పా. నేనే పోసినా. నాదే తప్పు."

నా నోట్లో మాట ఉంది. ఎన్ని వేల మాటలు ఊరికే వదిలిన నోరు, ఆ ఒక్కటి వదల్లేకపోయింది. టీ తెస్తానని బయటికి వెళ్లాను.

ఇంజను పూర్తిగా మార్చాలన్నారు. బావ వల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టు అక్కడే పాత ఇనుము కింద ఇచ్చేసి, డాష్‌బోర్డు మీది దేవుడి పటం చేతిలో పట్టుకుని నాతో బస్సులో తిరిగొచ్చాడు. దారంతా ఆయన కుడి పాదం బస్సు నేల మీద నొక్కుతూ, వదులుతూ ఉంది.

ఇప్పుడు ఆయన అన్నూరు వైపు దారిలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా. నీలం చొక్కా, భుజం మీద పట్టీ. ఆ చొక్కా ఆయనకు వదులు. నేను వారానికి ఒకసారి వెళ్లి పక్కన కూర్చుంటాను. రెండేళ్లు అలా కూర్చుని ఎండ గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడాను. మొన్న ఒక సాయంకాలం ఇక ఉండబట్టలేక అన్నాను.

"బావా, దిండిగల్లులో నా పేరు సెప్పలేదే మీరు."

"సెప్పి? నిన్ను అక్కడ తిట్టించేదా?"

"ఆ పుస్తకంలో నాకు ఒక్క అక్షరం తెల్దు బావా. ఊరికే వేలు పెట్టినా."

ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "తెలుసు. నువ్వు వేలు పెట్టిన చోట రేడియో బొమ్మ ఉండింది."

"మరెందుకు పోస్తిరి?"

"వర్క్‌షాపుకి పోతే వండి ఇంజను దించల్ల అంటాడు మచ్చాన్. లోపల పెద్దదేదో ఉండాదని నా చెవికి అప్పుడే తెల్సింది. ముప్పై ఏండ్లు నడిపినోణ్ణి, తెలీదా? పోవడానికి బయం. అందుకే నీ దగ్గరికి వస్తిని. నువ్వు ఎవురు ఏది అడిగినా వాళ్లకి ఇష్టమైందే సెప్తావు గదా."

కోపంతో అన్న మాట కాదది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ముప్పై ఏళ్లుగా వీధి వీధంతా నా దగ్గరికి ఎందుకు వచ్చిందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

ఏదో చెప్పబోయాను. అంతలో గేటు బయట హారన్ మోగింది. బావ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. గేటు రెండు రెక్కలూ తోసి, ఒక పక్కకు నిలబడి, నుదుటికి చెయ్యి ఎత్తాడు. కారు నడిపే అబ్బాయి ఫోనులో మాట్లాడుతూ చూడకుండానే లోపలికి వెళ్లిపోయాడు. బావ ఆ చెయ్యి దించడానికి ఇంకాస్త సేపు తీసుకుని, తరవాత గేటు మూయడానికి వంగాడు. నేను లేచి రెండో రెక్క పట్టుకున్నాను.