బీరువాలో ఆరిన కారు మోటారు

తెనాలిలో కాలువ గట్టు మీద హనుమయ్య దుకాణంలో ఒక ఇనప బీరువా ఉండేది. ఎవరి పెళ్ళికి పెట్టిందో ఏమో, తుక్కు కింద వచ్చింది. అరలన్నీ ఊడదీసి, లోపల హీటరు కాయిల్స్ బిగించి, చీరలు ఉండాల్సిన చోట తడిసిన మోటార్లు పెట్టి కాల్చేవాడు. గట్టి వాన పట్టి వదిలిందంటే రేపల్లె, బాపట్ల వైపు రొయ్యల చెరువుల నుంచి ఉప్పునీళ్ళు తాగిన మోటార్లు ట్రాలీ ఆటోల్లో వచ్చి గుమ్మం ముందు వరస కట్టేవి. ముందు మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించాలి. తర్వాత బీరువాలో పెట్టి తడి లాగెయ్యాలి. వేడి ఎంతుందో చెప్పే మీటరేదీ ఆ బీరువాకు లేదు. హనుమయ్య వేళ్ళు చెంబులో ముంచి తలుపు మీద చిలకరించేవాడు. చుక్క చుయ్యిమని గెంతితే పని అవుతున్నట్టు. కదలకుండా కూర్చుంటే ఇంకా ఎక్కాలి.

ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు మోటార్లు వస్తూనే ఉన్నాయి. తెచ్చినవాళ్ళు మూసిన షట్టరు చూసి, పక్క టీకొట్టులో విషయం తెలుసుకుని, కాసేపు నిలబడి, మళ్ళీ బండెక్కించుకుని వెళ్ళేవారు. హనుమయ్య మాట నెమ్మదైన మనిషేం కాదు. మోటారు ఎందుకు కాలిందో రైతుకు చెబుతుంటే దారిన పోయేవాళ్ళకు తిడుతున్నట్టే వినిపించేది. కానీ ‘కుదరదు’ అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఒక్కసారి ఆ మాట అని ఉండాల్సింది. అంద్రెయ కారు వచ్చిన రోజున.

అంద్రెయది రేపల్లె. పాత డీజిలు కారు అమ్మేసి, అప్పోసప్పో చేసి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బాపట్ల దగ్గర బడుల్లో పనిచేసే నలుగురు టీచరమ్మల్ని రోజూ పొద్దున దించి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఇల్లు గడిచేది దాని మీదే. దసరా సెలవులకు ముందు పట్టిన వానలో చెరుకుపల్లి దాటాక రోడ్డు మీద మోకాలెత్తు నీళ్ళు నిలిచాయి. ముందు బస్సు వెళ్ళింది కదా అని వెనకే వెళ్ళాడు. ఆ రోజు కారు ఇంటికి చేరింది. మర్నాడు బటన్ నొక్కితే ఎర్ర గుర్తు వెలిగింది. కారు కదల్లేదు.

గుంటూరు సర్వీసు సెంటరుకు లాక్కెళ్ళారు. అక్కడి వినయ్ కుమార్ అనే ఇంజనీరు లాప్‌టాప్ తగిలించి చూసి, మోటారులోకి తడి చేరిందనీ, కరెంటు బాడీకి లీకవుతుంటే కారు తనను తానే ఆపేసుకుంటుందనీ చెప్పాడు. నీళ్ళలో దిగిన బండికి వారంటీ వర్తించదు. మోటారు విప్పి బాగుచెయ్యటం ఉండదు, మొత్తం యూనిట్ మార్చాల్సిందే. యూనిట్ ఎప్పుడొస్తుందంటే, ‘ఆర్డర్ పెడతాం సార్’ అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

సెలవులు అయ్యేలోపు కారు తిరగకపోతే టీచరమ్మలు వేరే బండి చూసుకుంటారు. ఆ భయంతో అంద్రెయ కారును ట్రక్కు మీద వేయించి తెనాలి తెచ్చాడు.

“బాబాయ్, ఇది నీ చేతిలో అవుతుందా?” అన్నాడు.

హనుమయ్య బానెట్ లోపలికి తొంగి చూశాడు. నారింజరంగు కేబుళ్ళు, మూతలు. మోటారు మీద ప్లేటు కోసం వెతికాడు. పంపు మోటారైతే ఎన్ని గుర్రాల శక్తి, నిమిషానికి ఎన్ని చుట్లు, ఎంత కరెంటు లాగుతుంది అన్నీ చెక్కి ఉంటాయి. ఇక్కడ నల్లచుక్కల చతురస్రం ఒకటి అంటించి ఉంది.

“ఏంట్రా ఇది, ముగ్గా?”

“స్కాన్ చెయ్యాలంట బాబాయ్.”

ఫోను పెడితే ఏదో నంబరు వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. హనుమయ్యకు చిర్రెత్తింది.

“పేరు చెప్పని పెళ్ళికొడుకులా ఉంది. వయసెంతో చెప్పరు, పనేంటో చెప్పరు.”

“నువ్వు సంబంధం చూడక్కర్లేదు బాబాయ్. ఆరబెడితే చాలు. అయినా ఇది కారు. రొయ్యల చెరువు మోటారు కాదు, ఆలోచించుకో.”

“రాగి రాగేరా. తడి తడే. కారెక్కితే మారిపోద్దా?”

బ్యాటరీ ప్లగ్గు పీకి, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, గొలుసు కప్పీతో మోటారు దించారు. చేతుల మీద ఎత్తుకోగలిగినంత సైజు. అది నూరు గుర్రాల శక్తి ఇస్తుందనీ, నిమిషానికి పదివేల చుట్లు పైనే తిరుగుతుందనీ అంద్రెయ చెబితే హనుమయ్య నమ్మలేదు. కానీ వెనక మూత విప్పితే కేబుల్ దూరే చోట రబ్బరు సీలు పక్కకు జరిగి, లోపల తేమ మెరుస్తూ కనిపించింది. ఇది తెలిసిన దొంగే అనుకున్నాడు.

పేచీ రోటరు దగ్గర వచ్చింది. మోటారు మధ్యలో తిరిగే ఇరుసును రోటరంటారు. పంపు మోటారులో అది ఇనుమూ అల్యూమినియమూ కలిసిన ముద్ద, లాగితే వచ్చేస్తుంది. దీంట్లో అయస్కాంతాలున్నాయి. పుల్లర్ బిగించి ఇద్దరూ లాగితే సగం వచ్చి, ఠప్పున వెనక్కి వెళ్ళి హనుమయ్య బొటనవేలు నొక్కేసింది. మళ్ళీ లాగారు. మళ్ళీ అంతే. గోరు కింద రక్తం గూడు కట్టింది.

“బాబోయ్, కొరుకుద్దేంటి ఇది,” అన్నాడు అంద్రెయ.

“దాని పట్టు దానిదిరా. ఉండనీ. లోపలే ఉంచి ఆరబెడదాం.”

పంపు మోటార్లను రోటరుతో సహా బీరువాలో పెట్టిన రోజులు ఆయన జీవితంలో లెక్కలేనన్ని. దానికి ఏనాడూ ఏమీ కాలేదు. కారు మోటారును మంచినీళ్ళతో కడిగి, తలుపు వేసి, కాయిల్స్ అన్నీ వేశాడు. పైన చుక్కలు చిలకరిస్తే గెంతాయి. తడి ఎక్కడో మూలల్లో ఉంటుందని ఇంకాసేపు ఉంచాడు. మంచి పని చేస్తున్నాననుకునే ఉంచాడు.

చల్లారాక ఇన్సులేషన్ మీటరు పెడితే ముల్లు చివరిదాకా వెళ్ళింది, లీకు పోయింది. కొత్త సీలు వేసి, బిగించి, బటన్ నొక్కారు. ఎర్ర గుర్తు రాలేదు. చేబ్రోలు దాకా వెళ్ళొచ్చారు. చప్పుడు లేదు, కుదుపు లేదు. తిరిగొచ్చాక హనుమయ్య అందరికీ టీ చెప్పాడు.

“మొత్తం మార్చాలంట. ఇదిగో, ఏం మార్చాం? రబ్బరు ముక్క,” అన్నాడు టీకొట్టు అందరికీ వినపడేలా.

బడులు తెరిచిన రోజు కర్లపాలెం దాటకముందే డాష్‌బోర్డు మీద పసుపురంగు తాబేలు బొమ్మ వెలిగింది. కారు నడిచింది గానీ కాలు ఎంత తొక్కినా ఊపు లేదు. ఏసీ ఆపారు, కిటికీలు దించారు. సైకిలు మీద వెళ్ళే పిల్లలు కూడా తిరిగి చూశారు. వెనక సీట్లో నీరజ టీచరు ఫోను పట్టుకుని టైము చూసుకుంటోంది. ఆవిడ టైముకి బడి ఆవరణలో నిలబడి ఫోనుకు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఆవిడ దిగేటప్పుడు చెప్పింది.

“అంద్రెయా, నీ మీద కోపం లేదయ్యా. ఫోనుకు నీ తాబేలు సంగతి తెలియదు కదా. రేపటి నుంచి మేం వేరే బండిలో వెళ్తాం. నీది బాగైతే చెప్పు, చూద్దాం.”

ఆ ‘చూద్దాం’లో ఏముందో అంద్రెయకు తెలుసు. ఫోను చేస్తే హనుమయ్య బస్సెక్కి రేపల్లె వచ్చాడు. ఇంటి ముందు అంద్రెయ భార్య రాహేలు నిలబడి ఉంది.

“మంచినీళ్ళు ఇమ్మంటావా బాబాయ్, కారుకే పోసేస్తావా?” అంది. నవ్వలేదు.

ఇద్దరూ కారు తీశారు. రోడ్డు చదునుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. ఈ ప్రాంతంలో ఎత్తు ఎక్కాలంటే పెనుమూడి వంతెనే. కృష్ణ మీదికి ఎక్కే చోట తాబేలు వెలిగింది. కారు ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కసాగింది. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. పచ్చగడ్డి మోపు కట్టుకున్న టీవీఎస్ బండి ఒకటి వాళ్ళను దాటింది. దాటాక దాని మీది మనిషి వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

“తొక్కరా.”

“నేల దాకా తొక్కేశా బాబాయ్. ఇంకా తొక్కితే కాలు కృష్ణలోకి పోద్ది.”

మళ్ళీ తెనాలి, మళ్ళీ కప్పీ. హనుమయ్య మూత విప్పి, పుల్లర్ అందుకునే ముందు ఇరుసును ఊరికే చేత్తో పట్టి లాగాడు. అది వచ్చేసింది. జానెడు ముందుకు వచ్చి, వెనక్కి పోవాలన్న పట్టుదల ఏమీ లేకుండా, పంపు మోటారులో రోటరులా మెత్తగా చేతిలోకి వచ్చేసింది. దానికి పటకారు ఆనించాడు. అంటీ అంటనట్టు నిలిచి జారిపోయింది.

హనుమయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అంద్రెయకు మొదట అర్థం కాలేదు.

“సులువుగా వచ్చింది కదా బాబాయ్. మంచిదేగా?”

“మంచిది కాదురా. దాని పట్టు పోయింది. ఇది నీళ్ళు చేసిన పని కాదు. నేనే కాల్చేశాను.”

అంద్రెయ లేచి కాలువ వైపు వెళ్ళి నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చి, “గుంటూరు పోదాం, పద. ఆర్డరు పెట్టిద్దాం,” అని మాత్రం అన్నాడు.

సర్వీసు సెంటరు కౌంటరు మీద హనుమయ్య సంచిలోంచి రోటరు తీసి పెట్టాడు. ఏం చేశాడో మొదటి నుంచీ చెప్పాడు, బీరువాతో సహా. వినయ్ కుమార్ నవ్వు ఆపుకున్నాడు గానీ, విషయం మాత్రం ఓపిగ్గా చెప్పాడు. మోటారు మామూలుగా వేడెక్కితే ఆ అయస్కాంతాలు తట్టుకుంటాయి. హద్దు దాటితే బలం పోతుంది, చల్లారినా తిరిగి రాదు. బలం తగ్గితే అదే బరువు లాగటానికి కరెంటు ఎక్కువ కావాలి. ఎక్కువ లాగితే వేడి. వేడెక్కితే కారు తన శక్తి తానే తగ్గించుకుంటుంది. ఆ తాబేలు అదే.

“ఆ హద్దు ఎంతండి?” అన్నాడు హనుమయ్య.

“ఏంటి సార్?”

“ఎంత వేడి దాకా ఓర్చుకుంటదో, ఆ అంకె.”

వినయ్ కుమార్ కంప్యూటర్లో వెతికాడు. ఇంకెవరికో ఫోను చేశాడు. “అది మాకు కూడా ఇవ్వరండి. విప్పే సామాను కాదు కదా.”

“విప్పకపోయినా రాయొచ్చు కదండి. ఆ ముగ్గు పక్కన ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? నా బీరువాకి ఒక మీటరు కొనుక్కునేవాణ్ణి. వీడి బండి తిరిగేది.” గొంతు పెరిగింది. వెయిటింగులో కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. “మీటరు లేకపోవటం నాదే తప్పండి, కాదన్ను. అంకె దాచటం ఎవరిదండి తప్పు?”

వినయ్ కుమార్ కంప్యూటరు వైపు తిరిగాడు. ఆర్డరు పెట్టాడు. ఎప్పుడొస్తుందో ఈసారి కూడా చెప్పలేదు.

తెనాలి బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. హనుమయ్య నల్లబడిన గోరు వైపు చూసుకుంటూ అడిగాడు.

“టీచరమ్మలు మళ్ళీ వస్తారంటావా?”

“రారు బాబాయ్. కొత్త బండి వాడు పాటలు కూడా పెడతన్నాడంట.” అంద్రెయ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. “రొయ్యల మేత కంపెనీ వ్యానుకి డ్రైవరు కావాలన్నారు. ఒప్పుకున్నా. రేపటి నుంచి.”

“సొంత బండి వదిలేసి జీతానికా?”

“ఏం చెయ్యమంటావ్? యూనిట్ వచ్చేదాకా రాహేలు నన్ను కూడా బీరువాలో పెట్టేట్టుంది.”

హనుమయ్య నవ్వలేకపోయాడు. “వ్యాను డీజిలా?” అన్నాడు.

“డీజిలే.”

“డీజిలు బండికి నేను ఆరబెట్టటానికి మోటారేముందిరా, స్టార్టు చేసే సెల్ఫు తప్ప?”

“అందుకే చేరుతున్నా బాబాయ్,” అన్నాడు అంద్రెయ.