దీపం కింద సెన్సార్

తిమ్మాజిపేట దగ్గర ఒక ఊరు నా వల్ల వారం పాటు కన్ను కొట్టింది. మనిషి కాదు, ఊరు ఊరంతా. ఆ పాపం నన్నెలా చుట్టుకుందో, మూడు జిల్లాల నెత్తికెక్కబోయి ఎలా తప్పిపోయిందో చెబుతాను.

అప్పుడు నేను ఆ ఊరికి కొత్తగా వచ్చిన పంచాయతీ కార్యదర్శిని. వీధిదీపాలు పట్టపగలు కూడా వెలిగి కరెంటు వృథా అవుతోందని, మా ఊళ్లో సెన్సార్ పెట్టి చూడమన్నారు. చీకటి పడితే ఆ ఒక్కటే ఊళ్లోని దీపాలన్నీ వెలిగిస్తుంది, వెలుతురొస్తే ఆర్పేస్తుంది. ఎంత కరెంటు కాలిందో జిల్లా ఆఫీసు కంప్యూటర్‌కు దానంతటదే చెబుతుంది. ఫలితం బాగుంటే అన్ని ఊళ్లకూ అదే పద్ధతి.

పంచాయతీ కరెంటు పనులు చూసే యాదయ్య సెన్సార్ డబ్బా చేతబట్టుకుని, "యాడ పెడదాం మేడం?" అన్నాడు.

"ఆఫీసు ముందట స్తంభానికి, లైటు కిందనే పెట్టు. వచ్చేపోయేటోళ్లకు కనపడాలె."

"మంచిగుంటది మేడం. రాత్రిపూట గూడ మెరుస్తది," అని ఆయనా మురిసిపోయాడు. దీపం కింద చీకటి అన్నారు పెద్దలు. ఆ మాట నమ్మినట్టే నేను సరిగ్గా అక్కడే సెన్సార్ పెట్టించాను.

సాయంత్రం బస్సుకు నాగర్‌కర్నూల్లోని ఇంటికి వెళ్లిపోయాను. రోజూ అంతే. పొద్దుగూకాక ఆ ఊరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మర్నాడు ఆఫీసు ఎదురింటి మణెమ్మ ఆపింది.

"ఏం బిడ్డా, మా లైట్లకు ఏమన్న రోగమొచ్చిందా? వస్తున్నయ్, పోతున్నయ్. వస్తున్నయ్, పోతున్నయ్."

"కొత్త మిషన్ గదవ్వా, జర అలవాటు పడాలె."

"దానికా, మాకా?"

ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

వారం తిరిగేసరికి జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేశారు. "మీ ఊళ్లో కరెంటు సగానికి సగం తగ్గిందమ్మా. ఏం చేశారు?"

ఏం చేశానో నాకే తెలియదు. కానీ పొగిడేవాళ్లను కారణం అడిగేంత మర్యాదలేనిదాన్ని కాదు. "ప్రజల్లో అవగాహన పెంచాం సార్," అన్నాను.

"చాలా సంతోషం. గద్వాల, వనపర్తి వాళ్లు కూడా మీ పద్ధతే పెడతామంటున్నారు. రేపు సాయంత్రం అందరం వస్తాం. చూసి మూడు జిల్లాలకూ ఆర్డర్ రాసేద్దాం."

మర్నాడు పట్టుచీర కట్టుకుని, శాలువాలు పట్టుకుని నిలబడ్డాను. జీపులొచ్చాయి. చీకటి పడింది. దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. సార్లు చప్పట్లకు చేతులెత్తారు. నిమిషం కాగానే అన్నీ ఆరిపోయాయి. మళ్లీ వెలిగాయి. మళ్లీ ఆరిపోయాయి. ఆ చీకట్లోంచి పెద్దసారు గొంతు చల్లగా వినిపించింది.

"ఇదేనా అమ్మా అవగాహన?"

నన్ను కాపాడదామని మణెమ్మ ముందుకొచ్చింది. "మాకు అలవాటైంది సారు. లైటున్నప్పుడు నడుస్తం, పోతే నిలవడ్తం."

సర్పంచ్ నిచ్చెన వేయించి యాదయ్యను ఎక్కించాడు. ఆయన డబ్బాకు అడ్డంగా తల పెట్టి చూస్తున్నంతసేపూ దీపాలు దివ్యంగా వెలిగాయి. "మంచిగనే ఉన్నది సారు," అంటూ దిగాడు. అంతే, ఆరిపోయాయి.

"నువ్వు పైననే ఉండు యాదయ్యా," అన్నాడు సర్పంచ్.

"పొద్దుగాల దాకనా?"

అప్పుడు పెద్దసారుకు సంగతి అర్థమైంది. దీపం వెలగగానే ఆ వెలుగు కింది సెన్సార్ మీద పడుతోంది. అది తెల్లారిందనుకుని అన్నీ ఆర్పేస్తోంది. ఆరగానే చీకటి గనుక మళ్లీ వెలిగిస్తోంది. యాదయ్య తల నీడపడితేనే దానికి రాత్రి. సగంసేపు చీకట్లో కూర్చున్న ఊరికి కరెంటు సగం తగ్గక ఏమవుతుంది?

"ఇక్కడికి రాకుండా ఉంటే ఇవాళే సంతకం పెట్టేవాణ్ణి," అని సారు శాలువా తీసుకోకుండా జీపెక్కారు.

తర్వాత ఆర్డర్ రానే వచ్చింది. అందులో మొదటి నిబంధన: సెన్సార్‌ను ఏ దీపం వెలుతురూ పడని చోట బిగించవలెను. మొన్న వనపర్తిలో శిక్షణకు వెళితే కొత్త కార్యదర్శి ఒకమ్మాయి అది చదివి నవ్వింది.

"లైటు కింద సెన్సార్ పెట్టేటంత తెలివిగలోళ్లు ఎవలుంటరు మేడం? దీనికి గూడ రూల్ గావాల్నా?"

"సర్కారు ముందుచూపుతోని రాస్తదమ్మా," అన్నాను గంభీరంగా.

కాబట్టి అలంపురం జోగులాంబ తల్లి సాక్షిగా ప్రతిన చేస్తున్నాను. ఇకమీదట నన్నెవరు పొగిడినా, ఎందుకో అడిగి తెలుసుకుని, ఆఖరి బస్సు తప్పిపోయినా సరే అక్కడే ఉండి నా కళ్లతో చూసి, ఆ తర్వాతే మురుస్తాను.