తాడు చివర పోలమ్మ

సెలవులకు వచ్చిన మా మనవరాలు మధ్యాహ్నాలు ట్యాబులో జపాను వాళ్ల బొమ్మల కథ చూస్తుంటుంది. దాన్ని అనిమే అంటారట. మొన్న చూస్తూ ఏడుస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. అందులో ఒక పిల్ల తల్లి ఎవరినో హత్య చేసి జైలుకు వెళ్లిందని మనవరాలు చెప్పింది. ఆ పిల్ల బడి మెట్ల మీద కూర్చోగానే, మిగతా పిల్లలు ఒక్కొక్కరే లేచి పై మెట్లకు జరిగిపోయారు. ఒక్క పిల్లవాడు మాత్రం దిగివచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ భాష నాకు రాదు, కింద పరుగెత్తే అక్షరాలు నా కళ్లకు అందవు. అయినా నెల్లూరులో, ఫ్యాను కింద కూర్చున్న నాకు, ఉప్పునీటిలో నానిన కొబ్బరి తాడు వాసన వచ్చింది.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడినదీ, ఎవరొచ్చిందీ, ఏం వండిందీ అన్నీ అందులో ఉంటాయి. చిన్నప్పుడు మైపాడు అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో గడిపిన రోజులు అంతకు ముందువి, ఎక్కడా రాసి లేవు.

మా నాన్న అక్కడి మిషను బడిలో పంతులు. బడి వెనక సరుగుడు తోపు, అందులో పగలంతా ఆగని గాలి హోరు, దారి పొడవునా ఎండు చేపలు పరిచిన ఇసుక, ఎర్ర పీతల వెంట పడి అవి కన్నాల్లో దూరేదాకా చేసే పరుగు, ఎండాకాలం వేళ్లకు చల్లగా తగిలే తాటి ముంజలు, ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ మామిడికాయ ముక్కలు వేసి కాచే చేపల పులుసు, మర్నాటికి ఇంకా రుచెక్కుతుందని ఆమె దాచిపెడితే సాయంత్రానికే మేము అడుగంటా తుడిచిపెట్టిన కుండ, ఇదీ మా లోకం.

పోలమ్మ నా తరగతిలోనే చదివేది. తల్లి లేదు, తండ్రి చెంచయ్య, ముసలి అవ్వ. పీతల పరుగులోనూ వాగుడులోనూ ఆమెను మించినవాళ్లు లేరు. ఒకనాడు వల కోశారన్న తగాదాలో చెంచయ్య పక్కింటి రమణయ్యను, పోలమ్మ కళ్ల ముందే, కత్తితో పొడిచాడు. రమణయ్య చనిపోయాడు, చెంచయ్యను పోలీసులు తీసుకుపోయారు. ఆనాటి నుంచి పోలమ్మ నోట మాట లేదు. ఆ ఇంటికి నిప్పు ఇవ్వకూడదని, ఆ ఇంటివాళ్లను పలకరించకూడదని ఊరి పెద్దలు వెలి వేశారు.

అయితే ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు ఇంకో కట్టుబాటు ఉండేది. తాడు మీద పడిన చేతిని ఎవరూ తీయించకూడదు, పట్టిన ప్రతి చేతికీ చేపల్లో ఒక పాలు, అంటే వాటా, ఇవ్వాలి. అందుకే పోలమ్మ వచ్చి తాడు చివర పట్టుకుంటే పొమ్మన్నవాళ్లు లేరు. కానీ అందరూ కూడబలుక్కున్నట్టు ముందుకు జరిగారు. ఆమెకూ వాళ్లకూ నడుమ ఉత్త తాడు మిగిలింది.

నేను వెళ్లి ఆ ఖాళీలో నిలబడ్డాను.

"ఏందబ్బయా, నీకేం పని ఈడ? అయ్యోరు చూస్తే తోలు తీస్తాడు," అని ముందున్నాయన నవ్వాడు. నేను కదలలేదు. నా వెనక ఆమె లాగినప్పుడల్లా తాడు నా అరచేతుల్లో బిగుసుకునేది. తిరిగి చూడకుండానే ఆమె ఉన్నట్టు తెలిసేది.

వల ఒడ్డెక్కింది, నెత్తళ్లనే చిన్న చేపలు వెండి కుప్పలా మెరిశాయి. పాళ్లు పంచేది రమణయ్య తల్లి సుబ్బమ్మవ్వ. కొడుకు పోయినా ఆ పని ఆమెదే. పోలమ్మ వైపు చూడకుండానే నా తట్టలోకి రెండు పాళ్లు కుమ్మరించింది.

"ఇంత చేప నువ్వొక్కడివే ఏం తింటావబ్బయా? నీ ఎనక ఎవురన్నా వుంటే పంచుకో, పో," అంది.

సగం పోలమ్మ పావడలో పోశాను. ఆమె నా చేతులు చూసింది. తోలు లేచి ఎర్రగా ఉన్నాయి.

"నీకు తాడు పట్టేది కూడా రాదు," అంది.

అన్ని వారాల తర్వాత విన్న గొంతు, బొంగురుగా. "చేత్తో కాదు, మడమతో లాగాల," అని మడమ ఇసుకలో దిగేసి చూపించింది. ఆ సాయంత్రం నాన్న నా అరచేతులకు కొబ్బరి నూనె రాశాడు. ఆ చలికాలమంతా మేము తాడు చివర ముందూ వెనకా నిలబడ్డాము. ఎండలు ముదిరేలోగా పులికాట్ సరస్సు వైపు నుంచి మేనమామ వచ్చి, ఆమెనూ అవ్వనూ తీసుకుపోయాడు. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మనవరాలు వెళ్లిపోయాక బస్సెక్కి మైపాడు వెళ్లాను. సరుగుడు తోపు లేదు, ఒడ్డంతా ఇంజను పడవలు. ఒకచోట మాత్రం కొందరు కుర్రవాళ్లు వల లాగుతున్నారు. నైలాను తాడు, దానికి ఏ వాసనా లేదు. చివర పట్టుకున్నాను.

"తాతా, పడతావు, పక్కకి రా," అన్నారు మర్యాదగానే. పాత కట్టుబాటు వాళ్లకు తెలియదు. చేతులు తీయలేదు. మడమ ఇసుకలో దిగేసి లాగాను. నా వెనక తాడు వదులుగా ఇసుక మీద పడి ఉంది.