మొదటి బస్సు ఎన్నిక

ఆ రోజుల్లో మనిషికి బుద్ధి కన్నా ముందు మీసం వచ్చేది. నాకు ఆ మీసం కూడా అప్పుడప్పుడే వస్తోంది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ వేసవిలో, ఫహాహీల్‌లోని ఒక పాత మేడలో కడప జిల్లా వాళ్ళం, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళతో కలిపి, నలభై మందిదాకా ఇరుక్కుపోయాం. జోర్డాన్ దాకా వెళ్ళడానికి ఒక బస్సు కుదిరింది. అందులో సగం మందికే చోటు. రెండో బస్సు వస్తుందో రాదో దేవుడికే తెలియాలి. ఎవరు ముందు ఎక్కాలో జాబితా రాయడానికి ఒక పెద్దమనిషి కావాలన్నారు. పెద్దమనిషి అనగానే మా వాళ్ళకు ఎన్నిక గుర్తొస్తుంది, ఎన్నిక అనగానే రెండు వర్గాలు పుడతాయి. (వీధిలో ట్యాంకులు తిరుగుతున్నా సరే, ఈ వరస మారదు.)

ఒక వర్గానికి ఇంటి డ్రైవరుగా పనిచేసే మా మేనమామ, ఇంకోదానికి సెంట్రింగ్ మేస్త్రీ నాయకులు. మామ తరఫున ప్రచారం నాది. తలలు లెక్కపెడితే అటూ ఇటూ సమానం. మధ్యలో వఫ్రా తోటల నుంచి వచ్చి మెట్ల కింద తలదాచుకున్న ముగ్గురు తోటపనివాళ్ళు మిగిలారు. వాళ్ళు ఎవర్నీ పొగడరు, ఎవర్నీ తిట్టరు. అలాంటి వాళ్ళతోనే చావు. టీ పోసి, ఖుబూస్ రొట్టె పెట్టి, "మామ గెలిస్తే మొదటి బస్సు మీదేనబ్బా" అన్నాను. నేను వెనక్కి తిరగ్గానే మేస్త్రీ మనిషి వచ్చి అదే టీ పోసి అదే మాట చెప్పాడు.

మరునాడు పొద్దున్నే ఓటింగు. మామకైతే ఖర్జూరపు గింజ, మేస్త్రీకైతే శనగ గింజ, పిడికిలి మూసి కెటిల్‌లో వేయాలి. అంతలో తోటవాళ్ళలో పెద్దాయన లేచాడు.

"ఒగ మాట సామీ. మొదటి బస్సు ఇస్తామని ఎవురెవురికి చెప్పినారో వాళ్ళు చేతులెత్తండి."

మేడ మేడంతా చేతులెత్తింది. ఎత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను, మామ నాకూ అదే మాట ఇచ్చాడు మరి.

"బాగుంది. ఆడోళ్ళు, జొరమొచ్చినోళ్ళు ముందు పోనీ. గెలిచినోడు, వాని ఇంటోళ్ళు ఆఖరి బస్సే ఎక్కల్ల. దానికి ఒప్పుకున్నోనికే మా మూడు ఓట్లు."

మేస్త్రీ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మామ గొంతు సవరించుకుని, "నేనుంటా. మా అల్లుడూ ఉంటాడు" అన్నాడు. (అల్లుణ్ణి ఎవరూ అడగలేదు.)

గెలిచినవాడికి ఆఖరి బస్సేనని తేలాక మేస్త్రీ వర్గానికి మామ మీద పుట్టిన అభిమానం ఇంతా అంతా కాదు. మేస్త్రీ అయితే ఖర్జూరపు గింజను అందరికీ చూపించి మరీ వేశాడు. కెటిల్ బోర్లిస్తే అన్నీ ఖర్జూరపు గింజలే. ఒక్కటి మాత్రం శనగ గింజ.

రెండో బస్సు పదకొండో రోజుకు వచ్చింది. ఆ పదకొండు రోజులూ మామ తన రొట్టెలో సగం నాకే పెట్టాడు. ఆ శనగ గింజ సంగతి ఎవరో ఎత్తితే, "యవురో పాపం, భయపడింటాడు, పోనీలేప్పా" అన్నాడంతే. భయపడింది నేనే మామా అని ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆ కుర్ర ప్రచారకర్తను తలచుకుంటే సిగ్గుతో పాటు నవ్వూ వస్తోంది. అన్ని ఓట్లలో మామకు పడనిది ఒక్కటే, అది ఆయన సొంత మనిషిది.