బిందె మీద అక్క పేరు

నిన్న టీవీలో తుఫాను తీరం దాటుతోందని చెబుతుంటే, ఇక్కడ నాచారంలో మాకు నాలుగు చినుకులు పడి ఊరుకున్నాయి గానీ, అక్క మాత్రం వంటింట్లోంచి వచ్చి, తెర మీద నీళ్లలో తేలుతున్న గిన్నెలను చూసి, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది: "నా బిందె ఎవలింట్ల ఉన్నదో గదా, తమ్మీ!" నేనూ ఎప్పటిలాగే ఉంటదిలే అక్కా అనేసి, వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

మన కాలం వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆడపిల్లకు పెట్టే సామాను మీద పేరు కొట్టించకుండా దుకాణం దిగేవాళ్లం కాదు. అక్క పెళ్లికి ఉప్పల్‌లో ఇత్తడి బిందె కొని, మెడ చుట్టూ అక్క పేరూ అమ్మ పేరూ, మధ్యలో చిన్న సిలువా కొట్టించింది నేనే. సిలువ వంకరగా వచ్చిందని ఆ కొట్టేవాడితో తగువు కూడా పెట్టుకున్నాను. ఇక్కడికి పనికొచ్చిన బావ, పెళ్లయిన రెండేళ్లకు అక్కను తీసుకుని సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరికి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే ఆ ఊరి మీదికి పెద్ద తుఫాను వచ్చింది. ఊరంతా నీళ్లలో పోయిందన్నారు తప్ప, అక్కాబావలు ఉన్నారో లేరో చెప్పేవాళ్లు లేరు. అప్పట్లో ఇత్తడి కరిగించే కార్ఖానాలో నేను బట్టీ దగ్గర, అమ్మ తుక్కు ఏరే షెడ్డులో పని చేసేవాళ్లం. కొన్ని వారాలకు తీరం నుంచి లారీ తుక్కు దిగింది. సొట్టలు పడ్డ బిందెలు, చెంబులు. ఒంపితే ఇసుకా గవ్వలూ రాలేవి, సముద్రమన్నదే లేని నాచారంలో షెడ్డంతా ఉప్పువాసన. గాలి వీస్తే ఆ గుట్ట దానంతటదే సన్నగా మోగేది, ఆడవాళ్లు దగ్గరికి పోవడానికి జంకేవాళ్లు.

అమ్మకు చదువు రాదు. "సదువు బిడ్డా, ఒక్కటి గూడ ఇడిశిపెట్టకు" అనేది. నేను పేరు చదవడం, అమ్మ "ప్రభువా" అనడం, ఆ తరువాతే బట్టీలోకి. పట్టపగలే, పలికేవాళ్లు లేని హాజరు పిలుస్తున్నట్టుండేది.

మూడో రోజు నా వేళ్లకు వంకర సిలువ తగిలింది. అమ్మ నా మొహంలోకే చూస్తోంది. నోటికొచ్చిన వేరే పేరేదో చదివాను, అమ్మ "ప్రభువా" అంది, ఆ బిందెను నా చేతులతోనే బట్టీలో వేశాను. బిందె దొరికిందంటే మనిషి పోయినట్టేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. అమ్మకు తెలియకూడదన్నదొక్కటే అప్పటి నా తెలివి.

పదిరోజుల తరువాత మిట్టమధ్యాహ్నం, ఎవరిదో చీర కట్టుకుని, ఒట్టి చేతులతో అక్క కార్ఖానా గేటు దగ్గర నిలబడి ఉంది. అమ్మ ఏడుస్తూ పరుగెత్తింది. నేను మాత్రం అక్క కాళ్ల దగ్గర నీడ పడుతోందా లేదా అని చూస్తూ ఉండిపోయాను.

బావ ఇక రాడు. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ బిందెనే బోర్లించి, ఏం జరిగినా వదలొద్దని అక్క చేతుల్లో పెట్టాడట. కాళ్లకు నేల తగిలాకే అది చేయి జారిందట.

ఇప్పుడు గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్లే లేరు, నీళ్లలో కొట్టుకొస్తే ఎవరివో తెలియదు. అది మంచిదే అనిపిస్తుంది ఒక్కోసారి. ఆ షెడ్డులో నేను చచ్చినవాళ్లవనుకుని చదివిన పేర్లలో ఇంకెంతమంది బతికే ఉన్నారో, నా బిందె ఎవరింట్లో ఉందోనని అక్కలాగే ఇవాళ్టికీ అడుగుతున్నారో.