తొలిచూలు ఆవు జున్నుపాలు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నవ్వేవాణ్ణి. పశువుల కాంపౌండరుగా చేసినవాణ్ణి, చావులు బోలెడు చూశాను. ఇది నమ్మమని రాయడం లేదు, కోపం ఇంకా తగ్గక రాస్తున్నాను.

డెబ్బైల నాటి సంగతి. సంకరజాతి పశువుల మీద పరిశోధన అంటూ తిరువూరులో ఒక అద్దె షెడ్డులో శిబిరం పెట్టారు. విదేశీ ఆబోతు వీర్యం మన ఆవులకు ఎక్కించి, పుట్టిన దూడలను తూచి రాసుకోవడం వాళ్ల పని. అలా ఎక్కించడాన్ని జనం సూది అనేవారు. ఆ సూది వేసేది నేను.

మస్తాన్‌బీ తన పెయ్యను తోలుకొచ్చింది. ఆమెకున్న పశువు అదొక్కటే. పొట్టి నాటు పెయ్య, ఇంకా ఈనలేదు.

"ఇంత చిన్నది, తట్టుకుంటుందా అండీ?" అని అడిగింది.

తొలిచూలుకు అంత పెద్ద జాతి సూది వేయకూడదని నాకు తెలుసు. శిబిరం నడిపే ఆఫీసరు వైపు చూశాను.

"వెయ్యవయ్యా. చిన్నవాటిలో ఏమవుతుందో కూడా తెలియాలిగా!" అని నా చెవిలో అన్నాడు. ఆ ముక్క ఆమెకు ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నెలలు నిండాక అదే షెడ్డులో ఈనింది. దూడ మరీ పెద్దది. తాళ్లు కట్టి నలుగురం లాగాం. దూడ దక్కింది. ఆవు మధ్యాహ్నానికి చచ్చిపోయింది. పొదుగు నిండుగా ఉంది, దూడ నోటికి ఒక్క చుక్క అందలేదు. ఆఫీసరు రిజిస్టరులో దూడ బరువు రాసుకున్నాడు. తల్లి గురించి రాయడానికి అందులో గడే లేదు. ఒళ్లు మండిపోయింది నాకు.

బయటి నుంచి తెచ్చిన పాలు సీసాతో పడితే దూడ ముట్టలేదు. "ఇది కూడా పోతే నాకింకేం మిగల్దండీ" అంటూ మస్తాన్‌బీ వేళ్లు పాలలో ముంచి నోట్లో పెట్టేది. దూడ ఉమ్మేసేది. రెండు రోజుల్లో పోతుందనుకున్నాం.

పోలేదు. కడుపు నిండుగా ఉండేది. రోజూ మధ్యాహ్నం మూతికి నురగ కనిపించేది. షెడ్డులో పాడి పశువే లేదు. తొమ్మిదో రోజు నేనే దూడను గదిలో పెట్టి తాళం వేసి, తలుపు దగ్గరే కూర్చున్నాను. గంట తర్వాత తీస్తే గడ్డం నుంచి పాలు కారుతున్నాయి. చెంచాలో పట్టి, సూదులు మరగబెట్టే స్పిరిట్ దీపం మీద వేడిచేశాను. పచ్చగా గడ్డకట్టింది. జున్ను!

జున్నుపాలు ఈనిన మొదటి మూడు నాలుగు రోజులే వస్తాయి. చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగి అడిగాను. ఆ వారంలో ఏ పశువూ ఈనలేదు.

చెంచా ఆఫీసరుకు చూపించాను. బకెట్లో పడేసి, "పాలు లేకుండానే బతికిందంటే జాతి గొప్పదయ్యా" అంటూ రిజిస్టరు తెరిచాడు.

మస్తాన్‌బీ దూడ తాడు విప్పి చేతికి చుట్టుకుంది. "మీ జాతి కాదు సార్, తల్లి ఇచ్చింది. అది కూడా రాసుకోండి" అని తోలుకుపోయింది. ఆయన రాయలేదు.

ఆ పాలు ఎక్కడివో ఇన్నేళ్లుగా ఎన్ని విధాల ఆలోచించినా నాకు తేలలేదు. ఆవు ఎందుకు చచ్చిందో మాత్రం తెలుసు. ఆ రోజు ఆమె అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు.