మంచుతో నేసిన తువ్వాలు

తాతబ్బాయి తువ్వాలును ఆయన భార్య అప్పలకొండమ్మ ఇంకా పెట్టెలో దాచుకుంది. అడిగితే తీసి చూపిస్తూ చెప్పింది.

యుద్ధం రోజుల్లో తాతబ్బాయి అనకాపల్లి మార్కెట్టులో దళారీ. కొనే షావుకారూ ఆయనా ఈ ఎర్ర తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతోనే ధర తేల్చేవారు. సరుకు తెచ్చిన రైతు ఆ గుడ్డ కదలిక చూస్తూ నిలబడాల్సిందే.

బేరాల్లేని పూట ఆయన మంచూరు అనే ఊరి కథలు అల్లేవాడు. అక్కడ నీడను మూరల లెక్కన అమ్ముతారట. పొద్దుటి చల్లదనాన్ని కుంచాలతో కొలుస్తారట. నీడ అమ్మేవాడు ఏడాదికోసారి ఎండలో నిలబడి కొనేవాడి బాధ తెలుసుకోవాలి, అది వర్తక సంఘం కట్టుబాటు. దళారుల తువ్వాళ్ళను మంచుతో నేస్తారు గనుక కప్పినా వేళ్ళు కనిపిస్తాయట. అక్కడికి వచ్చేసరికి అందరూ పగలబడి నవ్వేవారు, కొండ నుంచి పసుపు తెచ్చే జోగి తప్ప.

ఆ ఏడు జోగి ఎద్దు చచ్చిపోయింది. పసుపుకి మంచి ధర వస్తేనే ఇంకో ఎద్దు. అది లేకపోతే కొండమీది చేను బీడే. అరువు బండి మీద బస్తాలు తెచ్చాడు గానీ దించలేదు.

“మామా, మంచూరికి దారి సెప్పు. పసుపు అక్కడికే అట్టుకెళ్తాను.”

“ఏటి, మంచూరికే?”

“ఎలమంచిలి దాటాలేటి? రైలుందా?”

జోగి ముఖంలో నవ్వు లేదు. అది కట్టుకథ అనడానికి తాతబ్బాయికి నోరు రాలేదు.

“ముందు బస్తాలు దించు” అని, షావుకారు పైడిరాజును పిలిచాడు. పైడిరాజు అలవాటుగా చెయ్యి చాపాడు. తాతబ్బాయి తువ్వాలు మడిచి, దానిమీద కూర్చున్నాడు.

“అదేటి బావా, గుడ్డ తియ్యవా?”

“నోటితో సెప్పు బావా. జోగికీ వినబడాల.”

“మంచూరు మునసబువైపోయేవేటి?”

చుట్టూ నవ్వులు. పైడిరాజు మూతి ముడుచుకుని ఒక ధర గొణిగాడు. జోగి తల అడ్డంగా ఊపాడు. కాదనడం అతనికి అదే మొదలు. పక్క షావుకారు “నేనిత్తాను” అని కొంచెం పైకి పాడాడు. పైడిరాజు ఊరుకోలేదు. పాట ఎద్దు ధరను అందుకున్నాక జోగి “సరే” అన్నాడు.

పైడిరాజు చాన్నాళ్ళు తాతబ్బాయికి బేరాలివ్వలేదు. ఇంట్లో గంజితో సరిపెట్టుకున్న పూటలున్నాయంటుంది అప్పలకొండమ్మ.

తర్వాత సంతనాడు జోగి కొత్త ఎద్దును మార్కెట్టు దాకా తోలుకొచ్చాడు.

“ఇదే మామా. మరి మంచూరు దారెప్పుడు సెప్తావు?”

తాతబ్బాయి భుజం మీది తువ్వాలు తీసి ఎద్దు ముఖం మీది దుమ్ము తుడిచాడు.